మోటార్‌హోమ్‌లో నా అలక

మాది హామిల్టన్. నిరుడు అక్టోబర్‌లో వంటగదీ బాత్రూమూ ఉన్న మోటార్‌హోమ్ బండి అద్దెకు తీసుకుని, ఆకులు రాలే వేళ జర్మనీలోని పాత ఊళ్లు చూస్తూ తిరిగాం. ఓ కోటగోడల ఊళ్లో మావారు నా ఉప్మా ఉడకలేదన్నారు. మాట్లాడకుండా దిగి చర్చి మెట్ల మీద కూర్చున్నాను. కాసేపటికి నా కళ్లముందే బండి వెళ్లిపోయింది! ఫోన్ లేదు, స్వెటర్ లేదు, భాష రాదు. ఏడుపొచ్చేసింది.

గంటకి తిరిగొచ్చారు. "బాత్రూం తలుపేసుంటే లోపల అలిగి కూర్చున్నావనుకున్నా. డ్రైవ్ చేస్తూ దారంతా బతిమాలాను. తప్పయిపోయింది, ఉప్మా అమృతం అన్నాను కూడా! చివరికి బండాపి తలుపు తీస్తే నువ్వు లేవు!"

"పలకలేదని అనుమానం రాలేదా?"

"నువ్వు పలక్కపోవడం కొత్తా?"

"సరే, ఆ మాటలు ఇప్పుడు నాతో చెప్పండి."

"ఒకసారి చెప్పేశాగా!"

ఖాళీ బాత్రూంకి చెప్పిన ఆ క్షమాపణ నాకింకా అందలేదు. ఇంట్లో ఉప్మా కూడా ఇంకా వండలేదు.