తిరగేయని సంచి

చిల్లకూరు దర్జీ అన్న పోయాడు. ఆ కబురు అందేసరికి నేను నెల్లూరులో ఒక ఆసుపత్రి మెట్ల మీద ఉన్నాను, ఒక చేతిలో ఇడ్లీ పొట్లం, ఇంకో చేతిలో ఫ్లాస్కు. ఫోను చేసింది వదిన, అంటే అన్న భార్య. "మీ అన్న పొద్దున్నే పోయినాడమ్మా. మధ్యాన్నం నమాజు కాంగానే తీసుకపోతారు" అంది. నేను అడిగిన మొదటి మాట రాయడానికి సిగ్గేస్తోంది గానీ రాస్తాను. ఏమైంది, ఎట్లా జరిగింది అని అడగలేదు. "వదినా, పుస్తకం వచ్చిందా?" అన్నాను.

"రాలేదమ్మా" అంది.

అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. ఇడ్లీ పొట్లం ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు. ఇరవై రోజులుగా ఆ ఒక్క ప్రశ్నే అడుగుతూ, ఆ ఒక్క జవాబే వింటూ ఉన్నాను. ఇక అది వచ్చినా రాకపోయినా ఒకటేనని బుద్ధికి తెలుస్తూనే ఉంది, మనసు మాత్రం రేపటి పోస్టు కోసం చూడటం మానలేదు.

అన్న నాకు తోడబుట్టినవాడు కాదు. మా పుట్టిల్లు చిల్లకూరు పక్కనే. పెళ్ళికి ముందు మా ఇంట్లో ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆయనే కుట్టేవాడు. ఇల్లూ కొట్టూ ఒకటే: ముందు గదిలో మిషను, వెనక సంసారం. చెప్పిన రోజుకు ఇచ్చిన పాపాన పోలేదు ఎన్నడూ. ఒకసారి మా అమ్మకు ఒళ్ళు మండి, "ఇచ్చేదాకా కదలొద్దు, అక్కడే కూర్చో" అని నన్ను పంపింది. పోయి చూస్తే మిషను తొక్కుతూనే పక్కన తెరిచి పెట్టుకున్న పుస్తకంలోకి తొంగి చూస్తున్నాడు. దానికి అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. కొలతలకు కత్తిరించుకోవడానికి తెచ్చుకున్న చిత్తుకాగితాల్లో వచ్చిందట. కత్తెర పెట్టబోతూ ఒక పేజీ చదివాడు. ఇక కత్తెర పెట్టలేదు.

"ఏం పుస్తకమన్నా అది?"

"ఎవురికి తెలుసు అమ్మణ్ణీ. రాజుల కాలం కథ. చదువుతా ఉండు, అంతలోకి నీ జాకెట్టు అయిపోతది."

జాకెట్టూ కాలేదు, కథా కాలేదు. ఎవరు రాశారో తెలియని ఆ నవల్లో ఒక కొండ కోట ఉంది. చుట్టూ శత్రువులు. లోపల నీళ్ళు తరిగిపోతుంటాయి. సాయం వస్తుందా రాదా అన్న కబురు తెచ్చే మనిషి కోసం కోటలో ముసలీ ముతకా అంతా బురుజు గోడ మీద నిలబడి చూస్తుంటారు. నేను సరిగ్గా ఆ గోడ దగ్గరికి వచ్చాను, అమ్మ వచ్చి చెయ్యి పట్టి లాక్కుపోయింది. ఆ తర్వాత పెళ్ళి, తోటపల్లి గూడూరు దగ్గర అత్తవారిల్లు, వరిచేలు, రొయ్యల గుంటలు. ఆర్నెల్లకు ఒక గుడ్డ పార్సెలు నా పేరు మీద వచ్చింది. కొత్త ఊళ్ళో నాకు పార్సెలేమిటా అని భయపడుతూ విప్పాను. లోపల ఆ పుస్తకం, ఒక చీటీ. "సగంలో లేచిపోయినావు. చదివి పోస్టులో పంపించు" అని. ఆ వేళ ఎంత ఏడ్చానో మా అత్తకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అట్లా మొదలైంది. నా తర్వాత ఇంకొకరు, ఆ ఇంకొకరి చెల్లెలు, గూడూరులో ఒక నిమ్మకాయల వ్యాపారి, ఒక నర్సమ్మ, అందరం కలిసి ఏడుగురం అయ్యాం. మేం దాన్ని కోట పుస్తకం అనేవాళ్ళం. ఒక్కొక్కరికి ఒక్కో సంచి కుట్టాడు అన్న, తెల్లటి కోరా గుడ్డతో. సంచికి బయటి వైపు ఆ మనిషి అడ్రసు, లోపలి వైపు తన అడ్రసు, చెరగని సిరాతో తన చేత్తోనే రాసేవాడు. పుస్తకం పెట్టి మా అడ్రసు పైకి వచ్చేట్టు మూతి కుట్టి పంపేవాడు. మేం చదివాక సంచిని లోపలిది బయటికి తిరగేసి, ఆయన అడ్రసు పైకి పెట్టి, మళ్ళీ కుట్టి పంపాలి. కుట్టు తెంచకూడదు, విప్పాలి. పాత చిల్లుల్లోనే సూది పోవాలి. "గుడ్డకు ఎన్నిసార్లు పొడుస్తారమ్మణ్ణీ? ఉండే చిల్లు చాలదా?" అనేవాడు.

అన్నిటికంటే పెద్ద రూలు, పుస్తకం పోస్టులోనే రావాలి. చేత్తో ఇస్తే తీసుకోడు. ఒకసారి పుట్టింటికి పోతూ సంచిని వెంట తీసుకుపోయి ఆయన ముందు పెట్టాను. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"పోయి పోస్టులో వెయ్యి."

"అన్నా, నీ కొట్టు ముందరే నిలబడి ఉండాను! ఇదేం చాదస్తం?"

"వెయ్యమ్మణ్ణీ. రెండు దినాలు చూస్తా గదా దానికోసం."

నేను పళ్ళు నూరుకుంటూ పోయి, అదే ఊళ్ళో పోస్టు చేసి, అదే ఊళ్ళో మా ఆటో కోసం నిలబడ్డాను. రెండో రోజు ఫోను. "వచ్చింది!" అని అరిచాడు, ఎవరో విమానంలో తెచ్చిచ్చినంత సంబరంగా. మా పాప ఒకసారి పేజీలన్నీ ఫోటోలు తీసి ఫోన్లకు పంపుతానంటే నవ్వాడు. "అందరికీ ఒక్కసారే వస్తే ఇంక ఎదురుచూసేదెవరు? సైన్యం వస్తది, గెలుస్తారు, అదేం కథ. ఆ గోడ మీద నిలబడి చూస్తారే, అదే కథ" అన్నాడు.

ఆయన ఏనాడూ తొందర పెట్టలేదు. పదిహేనేళ్ళలో ఒక్కసారి తప్ప. ఈ మధ్య గుండె జబ్బుతో మంచాన పడ్డాడు. మిషను తొక్కొద్దన్నారు డాక్టర్లు. అప్పుడు పుస్తకం నా దగ్గరుంది. ఫోను చేసి, "ఈసారి కొంచెం బిరీన పంపించు అమ్మణ్ణీ. ఒకసారి చదువుకుంటా" అన్నాడు. ఆ 'ఒకసారి' నాకు నచ్చలేదు. సరే అన్నానే గానీ, వరి కోతలు, కోత మిషను వచ్చిన రోజు వాన, గట్ల మీద పరుగులు, వారం పోయింది. అప్పుడే మా అత్త బాత్రూములో జారి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. నెల్లూరుకు బయల్దేరే హడావిడిలో, ఒక పక్క ఆవిడ మూలుగుతుంటే, ఇంకో పక్క కారతను హారను కొడుతుంటే, పుస్తకం సంచిలో వేసి మూతి కుట్టేశాను.

పోస్టు నెల్లూరులో వేశాను. కౌంటరు దగ్గరతను చూసి, "తోటపల్లి గూడూరా అమ్మా?" అని అడిగాడు కూడా. నాది ఏ ఊరని అడుగుతున్నాడనుకున్నాను. "ఔ నాయనా, ఆ పక్కనే" అని చెప్పి ఆసుపత్రికి పరిగెత్తాను. పోతూ పోతూ అన్నకు ఫోను చేశాను.

"పంపించేసినా అన్నా."

"సంచి తిరగేసినావు గదా?"

ప్రతిసారీ అడిగేదే. ప్రతిసారీ నవ్వి ఔనని చెప్పేదే. ఆ రోజు మాత్రం నోరు జారాను. "పదిహేనేళ్ళ నుంచి పంపిస్తా ఉండా, ఇంకా అదే మాటా? నేనేమన్నా చిన్నపిల్లనా? ఇక్కడ నా బాధలో నేనుంటే!" అని కసిరాను.

"ఔలే, నీకు చెప్పాల్నా" అన్నాడు మెల్లగా.

మూడు రోజుల్లో చేరాల్సిన పుస్తకం చేరలేదు. ఐదో రోజు అడిగితే, "ఇంకా రాలేదమ్మణ్ణీ. రేపు వస్తదిలే" అన్నాడు. ఏడో రోజూ అదే, పదో రోజూ అదే. రసీదు కోసం చూస్తే అది మందుల చీటీల్లో ఎక్కడో కలిసిపోయింది. బ్యాగు మూడుసార్లు మంచం మీద కుమ్మరించాను. పొరపాటున వేరేవాళ్ళకు చేరిందేమోనని మిగతా ఆరుగురికీ ఫోన్లు చేశాను. అత్తకు మాత్రలు వేస్తూ లెక్క తప్పాను, నర్సు చేత తిట్లు తిన్నాను. అన్న గొంతు రోజురోజుకీ సన్నబడుతోంది. మధ్యలో దగ్గు. అయినా ఆ మాట మాత్రం మానలేదు. "రేపు వస్తదిలే." నిజం చెబుతున్నాను, చివరికి ఫోను చేయడానికే భయం వేసేది. చేయకుండా ఉండటానికి ఇంకా భయం వేసేది. పార్సెలు పోగొట్టారని పోస్టు వాళ్ళను మనసులో తిట్టని తిట్టు లేదు. పాపం, వాళ్ళకు చేతులెత్తి దండం పెట్టాలి నేను.

అన్న పోయిన రోజు, అత్త దగ్గర కూర్చోవడానికి మా ఆయన్ను ఊరి నుంచి రమ్మన్నాను. వచ్చేసరికి పది దాటింది. నాకు రెండు చీరలు తెచ్చాడు. చీరల కింద నుంచి ఇంకొకటి తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది గూడా తెచ్చినా. నీకు పొద్దు పోకుంటే చదువుకుంటావని."

తెల్లటి సంచి. మీద అన్న చేతిరాతతో నా పేరు, మా ఊరు.

"ఇది ఎప్పుడొచ్చింది?" అన్నాను.

"నువ్వు ఇక్కడికొచ్చిన నాలుగో రోజో, ఐదో రోజో. వడ్ల బస్తా మీద పెట్టినా. అది వస్తా పోతా ఉండేదే గదా?"

ఆయన్ను ఏమని అనను? ప్రతి సాయంత్రం ఫోన్లో గేదె గురించి అడిగాను, మోటారు గురించి అడిగాను, కోడిపిల్లల గురించి అడిగాను. పుస్తకం మాటెత్తితే "నీకు ఇప్పుడు కూడా అదేనా" అంటాడని ఎత్తలేదు. తిరగేయకుండా కుట్టి, నా పేరుకు నేనే పంపుకుని, లోకమంతా వెతికాను.

చిల్లకూరు చేరేసరికి మగవాళ్ళు అన్నను తీసుకుని వెళ్ళిపోయారు. ముందు గదిలో మిషను మీద దుప్పటి కప్పి ఉంది. లోపల ఆడవాళ్ళ మధ్య వదిన గోడకానుకుని కూర్చుంది. నన్ను చూసి పక్కన చోటిచ్చింది. "బతుకంతా కుట్టినాడు. కుట్టు లేని గుడ్డలో పోయినాడమ్మా" అంది. నేను సంచి ఒళ్ళో పెట్టుకుని జరిగిందంతా చెప్పాను. తిట్టమని అడిగాను.

"ఆయనకు అనుమానం వచ్చిందమ్మా. తిరగేయలేదేమో, ఆ పిల్ల ఇంట్లోనే ఉందేమో అన్నాడు ఒకరోజు. మరి అడగరాదా అన్నా. ఒకసారి అడిగినా, కోపం చేసింది, అత్తతో ఆసుపత్రిలో అవస్థ పడతా ఉండాది, మళ్ళా అడిగితే నొచ్చుకుంటది అన్నాడు. నన్ను గూడా అడగనీలేదు."

నేను ఆ గదిలో అంతమంది ముందు గట్టిగా ఏడ్చాను. ఒక్కసారి నవ్వి ఔనని ఉంటే, తర్వాత ఇంకోసారి అడిగి ఉండేవాడు. నేను ఇంటికి ఫోను చేసి ఉండేదాన్ని. ఆ అన్న కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీలు తిప్పి ఉండేవాడు. నా నోటి దురుసు వల్ల ఒక మంచి మనిషి అడగాల్సిన మాట అడగకుండా పోయాడు. ఇది నేను ఎవరి మీదకీ నెట్టలేను.

కాస్త తెరిపినపడ్డాక సంచి వదిన చేతిలో పెట్టబోయాను. వదిన రెండు చేతులూ కొంగు కిందికి లాక్కుంది.

"చేత్తో ఇస్తే తీసుకోను. పోస్టులో పంపించు."

"వదినా, ఇప్పుడు కూడానా!"

"మగడు పోయినాక నాలుగు నెలల పది దినాలు నేను గడప దాటకూడదు. మిషను చప్పుడు లేదు, ఆయన దగ్గు లేదు. ఇన్నాళ్ళూ ఇద్దరం కలిసి దీని కోసం చూసినాం. నాకు చదువు రాదని, ఊపిరి ఉన్నంతవరకూ నోటితో కథ చెప్పినాడు. కోటలో వాళ్ళు గోడ మీద నిలబడినాక ఇంక ఆయనకు మాట రాలేదు. పోస్టులో రానీ. వచ్చినాక నువ్వొచ్చి ఆడి నుంచి చదువుదువు గానీ."

ఆ రాత్రికే నెల్లూరు చేరి, మర్నాడు ఆసుపత్రి కిటికీ దగ్గర కూర్చుని కుట్టు విప్పాను. పాత చిల్లుల పక్కన నేను అడ్డదిడ్డంగా పొడిచిన కొత్త చిల్లులు ఎన్ని ఉన్నాయో. సంచి తిరగేశాను. లోపలి వైపున్న అన్న అడ్రసు తెల్లటి గుడ్డ మీద మాయకుండా, అన్ని రోజులూ పుస్తకాన్ని అంటిపెట్టుకుని ఉంది. అది పైకి పెట్టి, పాత చిల్లుల్లోనే సూది పోనిస్తూ కుట్టాను. తిరగేశానా లేదా అని మూడుసార్లు చూసుకున్నాను, మా అత్త చేత చదివించాను. కౌంటరు దగ్గరతన్ని అడ్రసు పైకి చదవమంటే నావైపు వింతగా చూసి చదివాడు. రసీదు జాకెట్టులో దాచుకున్నాను.

ఇవాళ నాలుగో రోజు. ఇందాక ఫోను చేశాను. ముందు గది కిటికీ ఓరగా తీసి, తెర పక్కన ఆయన స్టూలు వేసుకుని కూర్చుందట వదిన. దూరంగా సైకిలు గంట వినపడినప్పుడల్లా లేచి నిలబడుతోందట.

"వచ్చిందా వదినా?" అన్నాను.

"ఇంకా రాలేదమ్మా" అంది. "రేపు వస్తదిలే."