పెద్దమ్మ అడిగిన కాగితం

శుక్రవారం జగిత్యాలలో డ్యూటీలో ఉండగా నా సహచరుడు కోరుట్ల నుంచి ఫోన్ చేశాడు. మా ఇంటి పెద్దమ్మ పోయింది.

ఆమెకు మేం చుట్టాలం కాదు, కిరాయిదార్లం. నేనూ, దుబాయి నుంచి తిరిగొచ్చిన అతనూ ఏళ్ల తరబడి ఆమె ఇంటి వెనక గదిలోనే ఉంటున్నాం. ఆమె పుట్టిల్లు సిరిసిల్ల. సాంచల, అంటే మరమగ్గాల, మోతలో పెరిగింది కాబట్టి ఎప్పుడూ గట్టిగానే మాట్లాడేది. ఎవరి చొక్కా అంచు చేతికందినా రెండు వేళ్ల మధ్య నలిపి, బట్ట ఎలాంటిదో చెప్పేది.

మేం జంటగా ఉంటున్నామని గల్లీలో ఎవరో పోలీసు ఠాణాలో ఫిర్యాదు చేశారు. అప్పట్లో ఇద్దరు మగవాళ్ల ప్రేమను నేరం చేసిన సెక్షన్ ఉండేది. ఆ ఠాణా పేరు రాయను. కేసు వద్దంటే తప్పు చేశామని, ఊరు విడిచిపోతామని రాసివ్వమన్నారు. భయపడి రాసిచ్చాం. మేం ఎవరినీ కొట్టలేదు, ఎవరి సొమ్మూ తినలేదు. ఆ సంతకం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సాక్షి సంతకానికి పెద్దమ్మను పిలిపించారు. కాగితం చదివించుకుని విని, ఆమె పెన్ను పక్కన పెట్టేసింది.

“నా ఇంట్ల ఎవలుండాల్నో నేను జెప్త సారూ. వీళ్లు యాడికి పోరు.”

మా ఇద్దరి మధ్యా నడుస్తూ పట్టపగలు బజారులోంచి ఇంటికి తీసుకొచ్చింది. ఆ తర్వాత గల్లీవాళ్లు ఆమెను పెళ్లిళ్లకు పిలవడం మానేశారు. వాళ్లలో ఎవరింట్లో విందున్నా ఆ రోజే ఈమె మాంసం వండి, వాసన వాళ్లదాకా పోయేలా వీధి తలుపు బార్లా తెరిచేది.

సుప్రీంకోర్టు మమ్మల్ని ఆ సెక్షన్ నుంచి తప్పించిన రోజు మేం టీవీ ముందు కూర్చుని ఏడ్చాం. పెద్దమ్మ చెప్పులేసుకుంది. చట్టమే పోయాక మీ కాగితం వాళ్ల దగ్గరెందుకంటూ ఠాణాకు పోయింది. దొరకలేదు, వెతుకుతానన్నాడు అక్కడ కాగితాలు చూసే రైటర్. అప్పటినుంచి ప్రతి సోమవారం వెళ్లి బల్ల మీద గంటసేపు కూర్చునేది. వదిలెయ్యమని నేనే ఎన్నోసార్లు చెప్పాను.

“పోగు తెగితె సాంచ ఆపి ముడెయ్యాలె కొడుకా. ఇడిసిపెడితె బట్టంత ఖరాబైతది” అనేది.

చట్టం పోయింది. మాచేత రాయించినవాళ్లలో తప్పయిందన్నవాడు మాత్రం ఇప్పటికీ ఒక్కడూ లేడు. వాళ్ల తరఫున సిగ్గుపడిందీ, తిరిగిందీ ఆ ముసలమ్మే.

ఈ సోమవారం నేనే వెళ్లాను. ఆమె కూర్చునే బల్ల ఖాళీగా ఉంది. కూర్చున్నాను. రైటర్ కాగితాల్లోంచి తలెత్తకుండానే అన్నాడు:

“ఇంకా దొర్కలేదమ్మా.”