నా ఫోన్ చూసిన నేరేడు రంగు

ముందుగాల ఒక మాట ఒప్పుకుంట. నా ముఖానికి రెండే కండ్లు, నా ఫోన్ వీపుకు మూడు. రెండింటికంటె మూడు ఎక్కువే కద అని ఫోన్ మాట నమ్మిన. నా కండ్లతోని నేను చూసిన చీర రంగును పక్కకు పెట్టి, ఫోన్ చూపిందే అసలు రంగని మా ఇంటామెతోని వాదించి గెలిచిన. పెండ్లయిన ఇరవై ఆరేండ్లల్ల ఆమె మీద నేను గెలిచిన వాదన అదొక్కటే. అది కూడ తప్పే.

మాది గద్వాల, మగ్గం ఇల్లు. ఓట్లప్పుడు చేతులు జోడించుకుంట వచ్చే నేతలను ఏనాడూ నమ్మలేదు గని, ఈ నేతగాడు ఒక ఫోన్ కంపెనీని మాత్రం ఏండ్లకేండ్లు గుడ్డిగ నమ్మిండు. దానికి కారణం గంజి. పడుగుకు గంజి పెట్టేనాడు వంగి పని చేస్తుంటె, అంగి జేబుల నుంచి నా మొట్టమొదటి ఫోన్ జారి గంజి బకెట్ల మునిగింది. తీసి, తుడిచి, రెండు రోజులు ఎండకు పెడితె మూడోనాడు మోగింది. మా వీధిల అది పెద్ద ముచ్చటైంది. గంజి తాగి బతికిన ఫోనంటె మా అసుంటోల్లకు చుట్టమే కద! ఆనాటి సంది ఆ కంపెనీ నాకు ఇలవేల్పు. రెండో ఫోన్ అదే, మూడోది అదే. చెప్పి చెప్పి వీధిల నాలుగిండ్లతోని కూడ అదే కొనిపిచ్చిన.

మా బామ్మర్ది వనపర్తిల ఉంటడు. బోరు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం. ఆయనది ఇంకో కంపెనీ. రెండేండ్లు కాకముందే ఫోన్ మారుస్తడు గని కంపెనీ మార్చడు. మేమిద్దరం కలిస్తె ముందు ఫోన్లు బయటికి తీస్తం, తర్వాత బాగోగులు అడుగుతం.

"ఫోనంటే రెండేండ్ల ముచ్చట బావా. దాన్ని పట్టుకొని ఏండ్లకేండ్లు ఏలాడుతవేంది?"

"మా మగ్గం మా తాతది. నడుస్తలేదా?"

"మగ్గానికి అప్‌డేట్లు వస్తయా?"

"రావు. అందుకే నడుస్తుంది."

"నా కంపెనీ ఐదేండ్లు అప్‌డేట్లు ఇస్తనన్నది. నీదేమన్నది?"

"రెండేండ్లకే ఫోన్ మార్చెటోనివి, మిగిలిన మూడేండ్ల అప్‌డేట్లు ఏం చేస్తవ్? ఊరగాయ పెడతవా?"

మా ఇంటామె చాయ్ గిలాసలు మా ముందట పెట్టి, "ఆ కంపెనోల్లకు మీ ఇద్దరి పేర్లన్న తెలుసా?" అని అడిగి లోపలికి పోయేది. మేం మళ్ల బ్యాటరీల మీదికి పోయేటోల్లం.

రంగు విషయంల మా నాయనకు ఒక పట్టింపు ఉండె. ఎవరన్న వచ్చి ఫలానా రంగు చీర కావాలంటె, ఆ రంగు పోగు ఒకటి తెమ్మనేటోడు. పాత చీర కొంగు నుంచి గుంజిన పోగైనా సరే. దూరమున్నోల్లు కవరుల పెట్టి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేటోల్లు. నాయన దాన్ని పొద్దుగాల గడప కాడి వెలుతురుల పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, అదే పోగును రంగులద్దేటాయనకు ఇచ్చేటోడు. నోటితోని చెప్పిన రంగు ఒప్పుకోకపొయ్యేది. "ఒక్కొక్కల ఎరుపు ఒక్కొక్క తీరుంటదిరా" అనేటోడు.

నా చేతికి కెమెరా ఫోన్ వచ్చినంక ఆ పద్ధతి నేను బందు పెట్టిన. ఫోటో పంపితె చాలన్న. నిజం చెప్పాలంటె కొన్నేండ్లు మంచిగనే నడిచింది. ఉన్న రంగును ఉన్నట్టే చూపేది. పోగు పోగు కూడబెట్టిన మా నాయన పేరును, ఒక్క వేలితోని పోగొట్టుకునే రోజు ఒకటి వస్తదని నాకేం తెలుసు?

ఆ రోజు పొద్దుగాల ఫోన్ల ఒక చీటీ లేచింది. కొత్త వెర్షన్ సిద్ధంగా ఉన్నదట, కెమెరా అనుభవం మెరుగుపడుతదట. కంపెనీ నా మీద ప్రేమతోని పంపిందనుకొని వెంటనే నొక్కిన. తెర మీద గుండ్రం ఒకటి గంటసేపు తిరిగింది. లేచినంక చూస్తె ఇల్లు మారిన కొత్త కోడలి లెక్కున్నది, ఏ వస్తువు ఎక్కడున్నదో దానికే తెల్వదు. ఫోన్ ఎత్తబోతె కట్టయితుంది, కట్ చేయబోతె స్పీకర్ మోగుతుంది. పొద్దుగాల నిండుగ ఉన్న బ్యాటరీ పగటి బువ్వ యాళ్లకు అడుగంటుతుంది. బామ్మర్ది ఫోన్ చేసి "ఎట్లున్నది బావా కొత్త అప్‌డేట్?" అని అడిగితె, "మస్తున్నది" అన్న. కుంటి గుర్రాన్ని కొన్నోడు అది నాట్యం చేస్తుందని చెప్పుకోవాలె కద మరి.

అదే వారంల నాగర్‌కర్నూల్ నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. తిమ్మాజిపేట దిక్కు బడిల హెడ్మాస్టరమ్మ. రెండు నెలలకు రిటైర్ అయితుంది. సంచిల నుంచి ఒక పాత చీర తీసి మంచం మీద పరిచింది. నేరేడు పండు రంగు నూలు చీర, ఆవపూత రంగు పట్టు అంచు. అంచు చూడంగనే గుర్తుపట్టిన, మా నాయన చేయి అది.

"మా అమ్మ చీర తమ్ముడూ. నాకు నౌకరీ వచ్చిన మొదటిరోజు ఇది కట్టుకొనే నన్ను బడి దాక తోలుకపోయింది. ఆఖరి రోజు నేను గిట్లాంటిదే కట్టుకొని బడి నుంచి బయటికి రావాలె. ఇదే కడుదామంటె మడతల కాడ చీలిపోయింది."

"నేసిస్త మేడం. అచ్చం గిట్లనే."

"పోగు గుంజుకుంటవా? మీ నాయన పోగు అడిగేటోడని మా అమ్మ చెప్తుండె."

ఇయ్యాల్టికీ ఆ మాట నా చెవుల ముల్లు లెక్కుంటది. ఆమె ఇస్తనన్నది. నేనే వద్దన్న. "ఆ కాలం పోయింది మేడం" అని నవ్వుకుంట, చీరను గడప కాడికి తెచ్చి ఫోటో కొట్టిన. ఆమె చీర మడతపెట్టుకొని బస్సెక్కింది. ఫోటో రంగులద్దేటాయనకు పోయింది.

వారానికి రంగేసిన నూలు వచ్చింది. మా ఇంటామె ఆ నూలు చిలప ఒకటి చేతిల పట్టుకొని గడప కాడికి పోయింది, మళ్లొచ్చింది.

"ఇది నేరేడు పండు కాదు. నేరేడు పండు తిన్నోని నాలిక."

"ఏమంటున్నవ్?"

"ఆమె చీర నలుపుల ముంచినట్టుండె. ఇది ఎలుగుతుంది. ఊదా ఇది."

నేను ఫోన్ తెరిచి, ఫోటో పక్కన చిలప పెట్టిన. అచ్చం కలిసింది. ఎందుకు కలవదు? ఆయన రంగేసిందే ఆ ఫోటోను చూసి కద! తప్పుకు తప్పును సాక్ష్యం పెట్టి, "చూడు, వెంట్రుకంత తేడా లేదు" అన్న.

"నేను చీరను చూసినయ్యా."

"ఫోన్ కూడ చూసింది. మూడు కండ్లతోని."

ఆమె చిలప నా ఒడిల పెట్టి పొయ్యి కాడికి పోయింది. నేను గెలిచిన. మా కాడ పడుగు ఒక్కసారి వేస్తె మూడు చీరలకు వస్తది. అంటె నా తెలివితక్కువతనం మూడు చీరల పొడుగున్నదన్నట్టు. అంచును చీర ఒంటితోని కలిపి నేయాలంటె ఇద్దరం కూసోవాలె. ఆమె నా పక్కన కూసొని, అది తప్పు రంగని తెలిసి కూడ, ఒక్క మాట అనకుండ నేసింది. తిట్టినా బాగుండు.

చీర దిగినంక నాగర్‌కర్నూల్‌కు నేనే తీసుకపోయిన. టీచరమ్మ నీళ్లిచ్చి, అలమారల నుంచి తల్లి చీర తెచ్చి, రెండింటిని పక్కపక్కన పరిచింది. ఒకటి వాన ముందటి మొగులు లెక్కున్నది. ఇంకోటి జాతరల అమ్మే గాలి బుగ్గ లెక్కున్నది.

"మంచిగ నేసినవ్ తమ్ముడూ" అన్నది ఆమె. ఎంత మెల్లగ అన్నదంటె, నాకు అక్కడనే భూమిల దాక్కోవాలనిపిచ్చింది. "గని ఇది మా అమ్మ చీర కాదు."

నేను సిగ్గు లేకుండ ఫోన్ తీసి ఫోటో చూపెట్టిన. ఆమె ఫోన్‌ను పాత చీర మీదనే పెట్టి చూసింది. చీర మీద చీర ఫోటో. ఒకదానికొకటి సంబంధమే లేదు. పిల్లగాని తప్పు లెక్క దిద్దే ముఖం పెట్టి, "చీర నీ ముందటనే ఉండె కద, దీన్నెందుకు అడిగినవ్?" అన్నది.

నేను ఫోన్ జేబుల పెట్టుకున్న. ఆమే పాత చీర కొంగు కొస నుంచి రెండు పోగులు గుంజి, కాయితంల చుట్టి నా చేతిల పెట్టింది. "ఇరవై రెండు రోజులున్నయి. అయితదా?"

"అయితది" అన్న. కాదని నాకు తెలుసు, ఆమెకు కూడ తెలుసు.

వచ్చుడు వనపర్తి మీదికెల్లే కాబట్టి అక్కడ దిగి, బామ్మర్దిని తోడు తీసుకొని మా కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పోయిన. టోకెన్ తీసుకొని కూసున్నం. మా వంతు వచ్చినంక కౌంటర్ కాడి అమ్మాయి నా ఫోన్‌తోని గోడకున్న ఎర్ర క్యాలెండర్‌ను ఫోటో కొట్టి, "బ్రహ్మాండంగ వస్తుంది కద సార్" అన్నది.

"ఎరుపు సరేనమ్మా. నేరేడు రంగును ఊదా చేస్తుంది."

"లోపం కాదు సార్ అది, ఫీచర్. కొత్త వెర్షన్ రంగులను ఇంకా అందంగ చేస్తది."

"నేను అందం అడగలేదు. ఉన్నది ఉన్నట్టు చూపమన్న. పాత వెర్షన్ మళ్ల వేయరాదా?"

"వెనక్కి పోనీకి రాదు సార్. అయినా మూడేండ్లు దాటింది కద, కొత్త మోడల్ చూస్తరా?"

"అమ్మా, ముప్పై ఐదేండ్ల కిందటి చీర రంగు ఇంకా పోలేదు. మూడేండ్లకే మీ ఫోన్‌కు చత్వారం వచ్చిందా?"

ఆ అమ్మాయి నవ్వింది పాపం. ఆమె మాత్రం ఏం చేస్తది? మా బామ్మర్ది ఇదే సందని, "నేను చెప్పలేదా బావా? నా కంపెనీల గిట్ల..." అని మొదలు పెట్టిండు. ఆయన ఫోన్‌తోని ఆ పోగును ఫోటో కొట్టుమన్న. కొట్టిండు. మాడిన వంకాయ లెక్క వచ్చింది. మళ్ల బస్టాండ్ దాక మా ఇద్దరి మధ్యల ఫోన్ల ముచ్చట రాలే.

గద్వాలకు వచ్చి, పోగు పట్టుకొని రంగులద్దేటాయన ఇంటికి పోయిన. ఆయన పోగును వెలుతురుకు పట్టి, "ఇది ముందుగాలనే తేకపోతివి" అన్నడు. మగ్గం మీదున్న పడుగు కోసి పక్కకు పెట్టి, కొత్తది వేసి, ఇద్దరం పొద్దు పొడిచిన కాడి నుంచి కూసున్నం. మా ఇంటామె చేయి ఆగలే. గని నూలు ఆరే రోజులు, పడుగు అతికే రోజులు ఎవరి తొందరకూ తగ్గవు. చీర మగ్గం దిగేసరికి టీచరమ్మ ఆఖరి రోజు అయిపోయి మూడు రోజులైంది.

తీసుకపోయి ఇచ్చిన. ఆమె తల్లి చీర పక్కన పెట్టి, చేయితోని రెండింటిని ఒక్కసారి నిమిరింది. ఏది ఏదో గుర్తుపట్టాలంటె చీలిన మడత చూడాల్సిందే. "ఇదే" అన్నది. ఆఖరి రోజు ఏం కట్టుకున్నరని అడిగే ధైర్యం నాకు లేకుండె. ఆమే చెప్పింది, ఇంట్ల ఉన్నదేదో కట్టుకొని పోయిందట. ఈ చీర కట్టుకొని పోనీకి ఇప్పుడు బడి లేదు. నా మీద కోపం చేయలే. నాకే నా మీద పీకలదాక ఉన్నది.

ఆ తర్వాత వారానికి ఫోన్ల మళ్ల చీటీ లేచింది. కెమెరాల కొన్ని రంగుల లోపం సరిచేసినమట. అవును, ఇప్పుడు అది లోపమే అయింది, ఫీచర్ కాదు. కింద చిన్న అక్షరాలతోని ఇంకో మాట: మీ ఫోన్‌కు ఇదే ఆఖరి అప్‌డేట్, దీని తర్వాత మా సేవలు ఉండవు.

బామ్మర్దికి చెప్తె, "వేసుకో బావా, రంగులు మంచిగైతయి" అన్నడు. మా ఇంటామె కూడ వేసుకొమ్మన్నది. ఇద్దరిదీ న్యాయమైన మాటే. గని రంగుతోని నాకు ఇప్పుడు పని లేదు. ఎవరొచ్చినా పోగు అడుగుతున్న, గడప కాడ నా రెండు కండ్లతోనే చూస్తున్న.

నేను ఆలోచించిన. ఆఖరిది వేసుకున్నననుకో, ఇచ్చేది ఇచ్చినం అని కంపెనీ చేతులు దులుపుకొని పోతది. వేసుకోకపోతె వాల్ల పని పూర్తి కానట్టే, నా వెంట తిరగాలె. ఆ చీటీ కింద రెండు మీటలుంటయి, "ఇప్పుడే" అని ఒకటి, "ఈ రాత్రికి" అని ఒకటి. నేను రోజూ పొద్దుగాల మర్యాదగ "ఈ రాత్రికి" నొక్కుత. రోజూ పండుకునే ముందు ఫోన్ బందు చేసి పెడత. తెల్లారి తెరిస్తె, రాత్రి ఇన్‌స్టాల్ చేయలేకపోయినం, మళ్ల ప్రయత్నిస్తం అని కంపెనీ చెప్పుకుంటది. తొమ్మిది నెలలాయె. పాపం, ప్రయత్నిస్తనే ఉన్నది.