లింగంపల్లి స్టేషన్లో మార్చుకున్న టోపీలు

సంస్థానం ఇండియాలో కలిసిన కథను చరిత్ర పుస్తకాలు సైన్యంతోనో సంతకాలతోనో మొదలుపెడతాయి. నేను రాస్తే టోపీతో మొదలుపెట్టాలి. నాకు తెలిసిన రాజకీయమంతా నెత్తిన ఏం పెట్టుకోవాలన్న దగ్గర మొదలై అక్కడే ఆగిపోయింది.

అప్పట్లో నేను పట్నంలో ఒక సర్కారు దఫ్తర్లో గుమాస్తాను. ఇప్పుడు అద్దాల మేడలు లేచిన చోట, బండల మధ్య మా ఊరు ఉండేది. పొద్దున్నే లేచి లింగంపల్లి దాకా నడిచి రైలెక్కేవాణ్ణి. మెడ దాకా గుండీలు పెట్టిన షేర్వానీ, నల్లకుచ్చు వేలాడే ఎర్ర రూమీ టోపీ. హిందువులమైనా దఫ్తరుకు మాలో చాలామంది వేషం అదే. ఆ కుచ్చు ఊపుకుంటూ ఊరు దాటుతుంటే సంస్థానం సగం నా మీదే నడుస్తోందని నా నమ్మకం. నిజానికి నా మీద నడిచింది మా పెద్ద గుమాస్తా కోపం ఒక్కటే.

నలభై ఎనిమిది సెప్టెంబరులో ఇండియా సైన్యం వచ్చింది, పాత రాజ్యం పోయింది. ఎర్ర టోపీలన్నీ సందుగల్లోకి పోయి వీధుల నిండా తెల్ల టోపీలు మొలిచాయి. ఏనాడూ ఒక్క నినాదం ఇవ్వని నేను కూడా ఖద్దరు టోపీ ఒకటి కుట్టించుకున్నాను. జైలుకు పోయి వచ్చినవాడిలా దాన్ని కాస్త పక్కకు వంచి పెట్టుకునేవాణ్ణి. మా ఆవిడ చూసి, "నిన్నటిదాంక ఎర్రది, ఇయ్యాల తెల్లది. రేపటికి ఏది ఉతకాలె?" అని అడిగింది. ఆమెకు రాజకీయాలు తెలియవని సరిపెట్టుకున్నాను.

దఫ్తర్లో నా పక్క బల్ల మీద కూర్చునే దోస్తు ఒకడు ఉండేవాడు. పక్క ఊరి ముసల్మాను. ఏళ్ల తరబడి ఒకే రైల్లో పోయి, ఒకరి డబ్బాలోది ఒకరం తిన్నవాళ్లం. సైన్యం వచ్చినప్పటి నుంచి అతను ఇల్లు కదల్లేదు. జిల్లాల్లో ముసల్మాన్ల మీద పడుతున్నారని వచ్చే కబుర్లు చెవులతో వినేటట్టు లేవు. మా స్టేషన్లో కూడా కొందరు కుర్రాళ్లు కాపలాకు చేరి, ఎర్ర టోపీ కనబడితే ఆపుతున్నారు. ఆపినవాళ్లను ఊరికే వదలడం లేదు.

అతని తల్లి పట్నంలో దవాఖానలో ఉంది. ఇక ఎక్కువ రోజులు ఉండదు, కొడుకును చూడాలంటోంది అని కబురొచ్చింది. అతను మా ఇంటికి వచ్చి రైళ్లు నడుస్తున్నాయా అని మాత్రం అడిగాడు. అతను అడగని సలహా కూడా నేను ఇచ్చాను. గడ్డం లేదు, తెలుగు నాకంటే బాగా మాట్లాడతాడు, షేర్వానీ విప్పి ఉత్త కమీజుతో నా తెల్ల టోపీ పెట్టుకుంటే ఎవరూ అడగరు అన్నాను. నేనూ తోడొస్తానన్నాను.

టోపీ ఇచ్చాక నా నెత్తి ఖాళీ అయింది. ఆ రోజుల్లో పరువు గలవాడు బోడి తలతో వీధిలోకి పోతే, ఇంట్లో ఎవరో పోయారని ఎదురొచ్చినవాళ్లు పలకరించేవాళ్లు. అతను తీసి ఇచ్చిన ఎర్ర టోపీ నా చేతిలో ఉండనే ఉంది. ఎప్పటి దఫ్తరు షేర్వానీ తొడుక్కుని దాన్నే పెట్టుకున్నాను. అతను వద్దన్నాడు, బతిమాలాడు. నన్నెవరడుగుతారు, నేను హిందువునే కదా అన్నాను. ఆ సంగతి నా మొహం మీద రాసి ఉంటుందని నా ధీమా.

స్టేషన్లో కుర్రాళ్లు అతనికి నమస్తే చెప్పి దారిచ్చారు. నన్ను ఆపారు. ఏ ఊరు, ఎవరి కొడుకువు అని గద్దించారు. దఫ్తరు నౌకరీలో నాకొక అలవాటు పడింది, ఎవరైనా గద్దిస్తే చాలు నోట్లోంచి ఉర్దూ వస్తుంది. "జీ హుజూర్" అన్నాను. పేరు చెబితే పేరెవరైనా చెబుతారన్నారు. గోత్రం అడిగారు. పెళ్లిలో పంతులు చెప్పింది ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు. ఏదైనా శ్లోకం చదవమంటే నోటికొచ్చింది అర్జీ మొదట్లో రాసే ఉర్దూ దండాలు. ఒకడు నా షేర్వానీ మెడ పట్టుకున్నాడు, ఇంకొకడు కర్ర ఎత్తాడు. అప్పుడు మాత్రం నిజంగా భయపడ్డాను.

నా దోస్తు అప్పటికే రైలెక్కి కూర్చున్నాడు. ఇంజను కూత వేసింది. కళ్లు మూసుకుని కూర్చుంటే తల్లి దగ్గరికి చేరిపోయేవాడు. కూర్చోలేదు, దిగి నేరుగా వాళ్ల మధ్యకు వచ్చాడు.

"జర ఆగుండ్రి తమ్మీ. ఆయన మనోడే. ఆయన లగ్గం నా కండ్ల ముందు అయింది. భయపడితే గిట్లనే ఉర్దూల మాట్లాడుతడు" అన్నాడు.

నేను హిందువునని నా ముసల్మాను దోస్తు సాక్ష్యం చెప్పాడు, వాళ్లు నమ్మి వదిలేశారు. మీలాంటి పెద్దమనుషులే ఇలాంటివాళ్లకు బుద్ధి చెప్పాలని అతనితో అన్నారు కూడా. నేను ఎర్ర టోపీ సంచిలో కుక్కుకుని, కదిలిన రైలు వెంట అతనితో కలిసి పరుగెత్తి ఎక్కాను.

కూర్చున్నాక నాకు నవ్వు ఆగలేదు. అతను నవ్వలేదు. రైలు ఆగిన ప్రతిచోటా తెల్ల టోపీని రెండు చేతులతో నెత్తికి అదిమి పట్టుకుంటున్నాడు. అది చూసి సిగ్గుతో నా నవ్వు ఆగిపోయింది. అతన్ని నేను తీసుకుపోతున్నానని అనుకుంటూ వచ్చాను మరి.

దవాఖానలో ఆ తల్లి మంచం మీద ఒరిగి ఉంది. తెల్ల టోపీ మనిషి లోపలికి రావడం చూసి దుపట్టా మొహం మీదికి లాక్కుని గోడవైపు తిరిగింది. భుజాలు ముడుచుకుపోయాయి. "అమ్మీ, నేనే" అన్నాడు అతను. గొంతు గుర్తుపట్టి తిరిగింది. కొడుకు మొహం కంటే ముందు టోపీని చూసింది, చాలాసేపు చూసింది. జరిగిందంతా చెబుదామని నేను నోరు తెరిచాను. ఆమెకు నా వివరణతో పని పడలేదు.

అతను సిగ్గుపడి టోపీ తీయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. సన్నటి గొంతుతో, "ఇల్లు చేరేదాంక తియ్యకు బేటా" అన్నది.

అతను టోపీతోనే ఆమె పక్కన కూర్చున్నాడు. నేను వరండాలోకి పోయి నిలబడి ఏడ్చాను.