ఎడమకు వాలిన గీత

"మీదున్న కంపెనీ అక్షరాలు చూసి కొనబాకు తమ్ముడూ. అక్షరాలదేముంది, బొంబాయిలో ఎవడైనా పోతపోస్తాడు. ముందు ఈ చెయ్యి చూడు." అబిదా పంపు పక్కనుంచి పొడుచుకొచ్చిన ఇనుప చేతిని బొటనవేలితో నొక్కింది. "అసలుదైతే ఇది కొట్టిన ఇనుము. నకిలీదైతే రేకు మడత. ఇంకోటి, ఈ గొట్టానికి వేలు అడ్డం పెట్టి నొక్కి వదులు. అసలుది వేలిని పట్టుకుంటది, చంటిబిడ్డ పట్టుకున్నట్టు. ఇది చూడు, పట్టనే పట్టలా."

"గురజాల కొట్టువాడు ఒట్టేసి మరీ ఇచ్చాడు గదక్కా."

"ఒట్టుతో బండి నడవదుగా. దీన్ని ఇంజనుకు కాదు, గుమ్మానికి కట్టు. దిష్టన్నా పోతది."

యోహాను నవ్వాడు. అతను విజయపురి సౌత్‌లో ఇరిగేషన్ వాళ్ళ జీపు డ్రైవరు. రిటైరైన ఇంజనీరుగారి పాత ఫియట్‌ను ఎలాగైనా నడిపించాలని పట్టుబట్టి, దానికి అసలు ఏసీ కంపెనీ పంపు కోసం, అంటే ట్యాంకులోని పెట్రోలును ఇంజనుకు లాగే గుప్పెడంత పంపు కోసం, నరసరావుపేటలో అబిదా కొట్టుకు తిరుగుతున్నాడు. వచ్చిన పని అయిపోయినా లేచేవాడు కాదు. అతనికి తెలిసిన మెకానిజంలో సగం అక్కడి బల్ల మీద కూచుని విన్నదే.

ఆ కొట్టు ఆమె భర్త ఇక్బాల్‌ది. పెళ్ళయిన కొత్తలో ఆమె పరదా వెనక కూచుని, అతను విప్పిన పంపుల్ని కిరసనాయిల్లో కడిగేది. కళ్ళకంటే ముందు వేళ్ళకు అబ్బింది ఆ విద్య. తర్వాత పరదా తీసెయ్యాల్సి వచ్చింది.

దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడాది, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఇక్బాల్ ఓ జిన్నింగు మిల్లు యజమాని ఫియట్‌కు పంపు బాగుచేసి బిగించాడు. పంపుకూ ఇంజనుకూ మధ్య వేసే ప్యాకింగు బజారులో దొరకలేదు. అబిదా తన చెల్లెలి పెళ్ళికార్డు, ఆకుపచ్చ అట్ట మీద వెండి పూలది, ఆ కొలతకు కత్తిరించి ఇచ్చింది. "పెళ్ళివారి కారైపోయింది పో," అని ఇక్బాల్ నవ్వి, ఎలా లాగుతుందో చూసొస్తానని పిడుగురాళ్ల రోడ్డెక్కాడు. మనిషి రాలేదు. కారూ రాలేదు.

మిల్లు యజమాని దొంగతనం కేసు పెట్టాడు. ఊరు ఇంకో కథ అల్లింది: హైదరాబాదులో రెండో సంసారం ఉందనీ, అదే కారును టాక్సీగా తిప్పుకుంటున్నాడనీ. కళ్ళారా చూశానన్నవాడూ బయల్దేరాడు. అబిదా ఏదీ నమ్మలేదు, ఏదీ కొట్టిపారెయ్యనూ లేదు. దొంగ పెళ్ళామో, సవతి ఉన్న ఆడదో, భర్త పోయినదో, తానెవరో తనకే తెలియకుండా కొట్టు తీస్తూ కొట్టు మూస్తూ వచ్చింది.

అందుకే ఎవరు ఏ పంపు తెచ్చినా ముందు దాని అంచు చూస్తుంది. పంపు విప్పేముందు మెకానిక్కులు పై చిప్పకూ కింది చిప్పకూ కలిపి ఆకురాయితో ఒక గీత గీస్తారు, తిరిగి బిగించేటప్పుడు రెండూ కలవాలి గనక. అందరి గీతా కుడికి వాలుతుంది. ఇక్బాల్‌ది ఎడమ చేతివాటం, అతని గీత ఎడమకు వాలేది. పల్నాడంతా ఆ గీతలు తిరుగుతున్నాయి. అలాంటిది మాచర్ల నుంచో మరెక్కడి నుంచో వచ్చినప్పుడు ఆమె దాని మీద గోరు ఆనించి మాట ఆపేసేది. ఆ కాసేపూ కొట్లో ఇంకెవరో ఉన్నట్టే అనిపించేది యోహానుకు. మూలన ఒకప్పుడు ఇక్బాల్ కూచున్న చెక్క స్టూలు మీద యోహాను ఎన్నడూ కూచోలేదు. కూచోవద్దని ఎవరూ చెప్పలేదు.

"ఇంకోటుందక్కా, నిన్ననే దొరికింది." యోహాను సంచిలోంచి గుడ్డ మూట తీసి విప్పాడు.

చేతిలోకి తీసుకుంటూనే "అసలుదే," అంది అబిదా. అలవాటుగా అంచు తిప్పింది. గీత ఎడమకు వాలి ఉంది. గోరు ఆనించింది. ఈసారి అక్కడితో ఆగలేదు. పంపు వెనక్కి తిప్పింది. ఇంజనుకు ఆనే చోట, నీళ్ళలో నానిన తుప్పు మధ్య, నల్లటి తునక ఒకటి అతుక్కుని ఉంది. జిడ్డు గీకింది. కింద ఆకుపచ్చ. ఇంకాస్త గీకితే వెండి పువ్వులో సగం.

"నూనె తాగిన అట్టలోకి నీళ్ళెక్కవు," అంది, ఎవరితోనో అన్నట్టు. గొట్టానికి వేలు అడ్డం పెట్టి ఇనుప చేతిని నొక్కింది. అది వేలిని పట్టుకోలేదు. తెల్లటి బురద మెల్లగా కారింది.

"ఏడ దొరికింది?"

"పిడుగురాళ్ల అవతల, వదిలేసిన రాతిగుంటలో. వానల్లేక ఈ ఎండలకు నీళ్ళు దిగిపోతన్నయ్యంట. రాళ్ళు కొట్టే దానయ్యకు కారు ముక్కు కనబడిందంట. బానెట్టు లేపి చేతికందింది పీక్కొచ్చి నాకమ్మాడు." చెబుతూ చెబుతూ యోహాను ఆ ఆకుపచ్చ తునక వైపు చూశాడు. ఆ పెళ్ళికార్డు సంగతి ఆమె ఎన్నిసార్లు చెప్పగా విన్నాడో అప్పుడు గుర్తొచ్చింది. "మిగతా బండంతా ఇంకా నీళ్ళలోనే ఉందంటక్కా."

బయట సున్నం లారీ ఒకటి పోయింది. దాని తెల్లదుమ్ము గుమ్మం దాకా వచ్చి ఆగింది.

"చెల్లెలి ఊరికి పోయినప్పుడల్లా ఆ గుంట పక్కనుంచే పోయా," అంది అబిదా. "బస్సులో కిటికీ పక్కన కూచుని."

"ఏమో అక్కా, ఆయన ముందే బయటికి దూకేసుంటే..."

"దూకినోడైతే ఇంటికి రాలేదేంది మరి?" అంది. దూకలేదంటే ఏమైనట్టో, ఆ మాట మాత్రం ఆమె నోటినుంచి రాలేదు.

కొంగుతో పంపు తుడిచి, తీసుకెళ్ళి ఆ చెక్క స్టూలు మీద పెట్టింది. తిరిగి వచ్చి యోహాను సంచి తనే మడిచి చేతికిచ్చింది.

"పోలీసులకు నేను చెబుతాలే. ముందు నువ్వు పో. ఈపాటికి నీళ్ళింకా దిగుంటయ్యి. డ్రైవరు పక్క తలుపు చూడు, తీసుందా, మూసుందా. లోపలికి తొంగిచూడబాకు, అది నేను చూసుకుంటా. తలుపు సంగతే చెప్పు నాకు. ఏదైనా సరే, నా మొహం చూసి మాట మార్చబాకు తమ్ముడూ."