ఫోన్ మోగేదాకా

ఉమామహేశ్వరంగారు జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ ఏ కంపెనీలోనూ చేరకుండా, యానాంలో ఇంటి వరండాలోనే కూర్చుని, బియ్యం కొట్లకీ ఐసు ఫ్యాక్టరీలకీ కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తున్నారు. రెండు వేళ్లతోనే టైపు కొడతారు. పని చిక్కుబడితే బనీను అంచు నములుతారు. పక్కన కాఫీ తొరక కట్టేస్తుంది. రాసింది ఇచ్చేసి వచ్చేయరు. అది పనిచేయడం కళ్లారా చూసేదాకా అక్కడే కూర్చుంటారు.

మొన్న దరియాలతిప్పలో జోయల్ రొయ్యల చెరువు దగ్గరా అలాగే కూర్చున్నారు. కరెంటు పోయి, చెరువు నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగితే జోయల్‌కి ఫోన్ మోగేలా చేశారు. పోయిన పంటప్పుడు అలా ఆగిన సంగతి అతనికి తెలీక, రొయ్యలన్నీ గాలందక చచ్చి తేలిపోయాయి. "మెయిన్ స్విచ్చి ఆపవయ్యా, మోగుతుందో లేదో చూద్దాం," అన్నారాయన. "ఇదీ పోతే నేను మళ్లీ లేవలేనండి బాబూ," అంటూనే జోయల్ ఫోన్ గుప్పిట్లో పట్టుకుని ఆపాడు. ఏరేటర్ల చక్రాలు నిలిచిపోయాయి. ఫోన్ మోగలేదు. ఉమామహేశ్వరంగారు బనీను అంచు నోట్లో పెట్టుకున్నారు. అప్పుడు మోగింది. జోయల్ పరుగెత్తి జనరేటర్ వేస్తే నీళ్లు మళ్లీ నురగలెత్తాయి. అతని భార్య స్టెల్లా చెంగుతో కళ్లు తుడుచుకుని, "హమ్మయ్య! ఇకనైనా వచ్చి నాలుగు మెతుకులు తినండి బాబూ," అంది. "ఉండమ్మా. కరెంటు వేసి మళ్లీ ఆపమను. ఒక్కసారి మోగితే నేను నమ్మను," అన్నారాయన. ఈసారి జోయల్ ఫోన్ గట్టు మీద పెట్టేసి, నవ్వుతూ ఆపాడు.