సన్యాసిరావు మావయ్య, నారా వెళ్లే రైలు

నిన్న పొద్దున్న ఆఫీసుకి బయల్దేరుతుంటే అత్త ఫోన్ చేసింది.

"మావయ్య లేవట్లేదురా" అంది. అంతే. ఫోన్ పెట్టేసింది.

అనకాపల్లి నుంచి చోడవరం చేరేదాకా, మందుల మత్తుకి నిద్ర పట్టేసి ఉంటుందిలే అనే అనుకున్నాను. గుమ్మం ముందు అన్ని జతల చెప్పులు చూశాక అర్థమైంది.

ఇప్పటికీ నమ్మకం కుదరడం లేదు. మొన్న ఆదివారమే కదా నాతో మాట్లాడాడు.

మాట్లాడాడు అని ఊరికే రాయడం లేదు. ఆ మాట ఎలా వచ్చిందో చెప్పడానికే ఈ పోస్ట్.

సన్యాసిరావు మావయ్య మా అమ్మకి తమ్ముడు. బస్సు కండక్టర్. ఎక్కువ కాలం బుచ్చయ్యపేట, రావికమతం వైపు తిరిగాడు. క్రషింగ్ సీజన్లో గోవాడ చక్కెర ఫ్యాక్టరీ దగ్గర చెరకు బళ్ల వెనక బస్సు ఆగిపోతే, లోపల జనాన్ని కబుర్లతోనే కూర్చోబెట్టేవాడు.

చోడవరానికి రైలు లేదు. ఆయనకి మాత్రం రైలు పిచ్చి.

రిటైరయ్యాక ఫోన్లో వీడియోలు మొదలయ్యాయి. డ్రైవర్ ముందు కెమెరా పెట్టి తీసినవి. ఎదురుగా పట్టాలు, పక్కన వరిచేలు, మధ్యమధ్యలో వచ్చే స్టేషన్ పేరు చెప్పే గొంతు. వాటిలో జపాన్‌లోని ఒక ప్రైవేటు రైలు కంపెనీ మీద ఆయన మనసు పడింది.

దాని హిస్టరీ అంతా పట్టేశాడు. ఒసాకా నుంచి నారా అనే పాత ఊరికి లైను వెయ్యాలంటే మధ్యలో ఇకోమా అనే కొండ అడ్డం. అప్పటికి అది చిన్న కంపెనీ. అయినా కొండ తొలిచింది. పని మధ్యలో సొరంగం కూలి కూలీలు చనిపోయారు.

తర్వాత ఇంకొన్ని కంపెనీలు కలిసి, లైన్లు క్యోటోకి, పెద్ద గుడి ఉన్న ఇసేకి, అటు నగోయాకి పాకాయి. భోజనం దగ్గర కంచం పక్కన నీళ్లతో ఆ లైన్లన్నీ గీసి చూపించేవాడు. అత్త వెనకాలే తుడిచేసేది.

తర్వాత స్ట్రోక్ వచ్చింది.

కుడి చెయ్యి పడిపోయింది. మాట పోయింది.

అన్నీ అర్థమయ్యేవి. నోరు తెరిస్తే ఒక్క ముక్క వచ్చేది కాదు. స్పీచ్ థెరపీలో చెప్పమన్నది చెప్పలేక కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. కొన్నాళ్లకి అసలు వెళ్లనని మొండికేశాడు. ఎవరైనా చూడ్డానికి వస్తే గోడవైపు తిరిగి పడుకునేవాడు. తిండి తగ్గిపోయింది. మనిషి దక్కడేమోనని అత్త భయపడింది.

ఒక మధ్యాహ్నం, నాలుగు ముద్దలైనా తింటాడని ఆ రైలు వీడియో పెట్టి, ఫోన్ చెంబుకి ఆనించింది.

ఉన్నట్టుండి మావయ్య "నారా" అన్నాడు.

అత్తకి నార అని వినపడింది. "నారెందుకయ్యా ఇప్పుడు?" అని, పెరట్లోకి వెళ్లి పాదులు కట్టే నార తెచ్చి చేతిలో పెట్టిందట. మావయ్య తల అడ్డంగా ఊపి ఫోన్ చూపించాడు. రైలు నారా స్టేషన్లోకి వస్తోంది.

నాకు ఫోన్ చేసి నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా చెప్పింది.

బాగా అలవాటైన మాటలు ఒక్కోసారి ముందుగా వస్తాయి, ఆపొద్దని థెరపీ అమ్మాయి అంది. ఇంక ఇంట్లో రోజూ ఆ కంపెనీ రైళ్లే. ఒసాకా. ఇకోమా. క్యోటో. ఆయన "ఇసే" అన్నప్పుడల్లా, తనని ఒసే అని పిలిచాడేమోనని అత్త వంటింట్లోంచి "ఏటి?" అనేది.

పైకి నవ్వేది గానీ ఆమెకి లోపల ఒక బాధ. "ఆ జపానోల ఊళ్లన్నీ వస్తన్నాయి. నా పేరే రాదు."

ఒకరోజు నేను ఉండగానే, ఫోన్లో నగోయా వెళ్లే రైలు నడుస్తుంటే, అత్త మంచం పక్కన నిలబడి, ఎవరో ప్యాసింజర్ అడిగినట్టు అడిగింది.

"బాబూ, ఈ బండి నగోయా ఎల్తదా?"

మావయ్య ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. పెదవులు కదిలాయి. ఆగాయి.

"ఎల్తది" అన్నాడు.

ఎడం చేత్తో మంచం మీద పక్కన తట్టి, "ఎక్కు... పైడీ" అన్నాడు.

మా అత్త పేరు పైడమ్మ.

పిండి చెయ్యి కడుక్కోకుండానే ఆయన పక్కన కూర్చుంది. ఆ వీడియోలో నగోయా వచ్చేదాకా ఇద్దరూ లేవలేదు.

ఆ తర్వాత మళ్లీ థెరపీకి వెళ్లడం మొదలుపెట్టాడు. మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. అక్కడికి బుచ్చయ్యపేట నుంచి ఒక రైతు, తన కూతురితో కలిసి వచ్చేవాడు. ఆయనకీ స్ట్రోకే. ఎవరేం అడిగినా నోరు తెరిచేవాడు కాదు. మావయ్య ఆయన పక్కన కూర్చుని ఆ కంపెనీ కథ ఎత్తుకున్నాడు.

కథ ఇదీ. ఒసాకా వైపు పట్టాలు వెడల్పు, నగోయా వైపు ఇరుకు. జనం మధ్యలో దిగి బండి మారాల్సి వచ్చేది. ఒకసారి పెద్ద తుఫానుకి నగోయా లైను మునిగిపోయింది. ఎలాగూ బాగు చెయ్యాలి కదా అని, అప్పుడే ఆ పట్టాలు కూడా వెడల్పు చేసేశారు. ఆ తర్వాత ఒసాకాలో ఎక్కినవాళ్లు నేరుగా నగోయాలో దిగారు.

మావయ్య నోటివెంట వచ్చింది ఇంతే. "తుఫానొచ్చింది. మునిగిపోయింది. మళ్లీ... ఏసేరు. ముందుకన్నా... బాగా."

పక్కనే ఉన్న నేను మాట అందించబోతే చేత్తో వద్దన్నాడు. మొత్తం తనే చెప్పాడు.

తర్వాతి వారం నుంచి ఆ రైతు కూడా ప్రయత్నం చేస్తున్నాడని కూతురు చెప్పింది.

నిన్న ఆ రైతు ఇంటికి వచ్చాడు. కూతురి భుజం పట్టుకుని అత్త ముందు నిలబడ్డాడు. చాలా కష్టపడి, "నన్ను... మాటాడించేడమ్మా" అన్నాడు.

అత్త అప్పటిదాకా రాయిలా కూర్చుంది. అప్పుడు ఏడ్చింది.

మావయ్యా, అత్తని మేం చూసుకుంటాం. నువ్వు ఏ బెంగా పెట్టుకోకుండా హాయిగా పడుకో.